దసరాకు ముందు ఆదివారం: ఒక ఆల్కహాలిక్స్ అనానిమస్ గ్రూపుపై సమీక్ష

తాగుడు మానుకున్నవాడు పండుగకు సొంతూరు వెళ్ళి, తాగే బంధువుల మధ్య మూడు రోజులు గడిపి, చుక్క ముట్టకుండా తిరిగి రావడానికి, తాగుడు మానాలనుకునేవాళ్ళు కూడి ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగ్ ఎంతవరకు పనికొస్తుంది? ఈ సమీక్షను ఆ ఒక్క ప్రశ్నకే పరిమితం చేస్తున్నాను. మామూలు రోజుల సంగతి వేరు, పండుగ సంగతి వేరు. ఆఫీసు నుంచి వచ్చే దారిలో వైన్స్ ముందు నుంచి తల వంచుకుని నడిచిపోవచ్చు గానీ, సొంత పెద్దనాయన గ్లాసు నింపి చేతికి అందిస్తే తల వంచుకుని నడిచిపోయే వీలుండదు. నేను 2021 నవంబరు నుంచి తాగలేదు. ఉద్యోగం హైదరాబాదులో, సొంతూరు జనగామ వైపు. మానిన తరువాత వచ్చిన నాలుగు దసరాల అనుభవంతో ఈ మాటలు రాస్తున్నాను. మా గ్రూపు ఏ వీధిలో కూడుతుందో, ఎవరెవరు వస్తారో మాత్రం రాయను, ఎందుకంటే అజ్ఞాతంగా ఉండటమనేది ఆ సంస్థ పేరులోనే ఉన్న నియమం.

తెలంగాణ దసరా తెలియనివారికి కొంత చెప్పాలి. ఆ సాయంత్రం ఊరంతా జమ్మిచెట్టు దగ్గరికి వెళ్తుంది, పాలపిట్ట కోసం ఆకాశంలోకి చూస్తుంది, జమ్మి ఆకును బంగారమంటూ పెద్దల చేతిలో పెట్టి కాళ్ళు మొక్కుతుంది, ఎదురైనవాళ్ళతో అలయ్ బలయ్ తీసుకుంటుంది. ఇళ్ళల్లో యాట కూర, గారెలు ఉంటాయి, వాటితో పాటు మందు ఉంటుంది. సుక్కా ముక్కా లేకుంటే దసరా ఎట్లయితదని మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా అంటారు. కల్లు విషయానికి వస్తే పెద్దమ్మలు, మేనత్తలు కూడా ఆ వరుసలోనే కూర్చుంటారు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్ళు దాటిన పురుషుల్లో నూటికి సుమారు 43 మంది మద్యం తాగుతారు. పండుగ పూట మా ఇంటి అరుగు మీద ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. అక్కడ వద్దన్నవాడు మందును వద్దన్నాడని ఎవరూ అనుకోరు, మా మీద అలిగాడనే అనుకుంటారు. అందుకే మానుకున్నవాళ్ళలో చాలామందికి జారిపోయే రోజు పండుగ రోజే అవుతుంది.

ఈ మీటింగ్ విలువ నాకు తెలియడానికి ముందు రెండు వేరే సేవలు చూశాను. మొదటిది ఒక పొడి. మా అమ్మ ఎవరో చెప్పగా తెప్పించి, నాకు తెలియకుండా పప్పులో కలిపి పెట్టింది. నాలుగు రోజులు కడుపులో దేవినట్లు ఉండి, అయిదో రోజు నేను హోటల్లో తిని వచ్చాను, దానితో ఆ వైద్యం ముగిసింది. ఆ పొడిలో ఏముందో ఆ పొట్లం మీద రాసి లేదు. మా అమ్మను తప్పుపట్టను, ఆమెకు అంతకంటే దారి కనిపించలేదు. కానీ చదువుతున్న తల్లులకు, భార్యలకు ఒక మాట గట్టిగా చెప్పాలి. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ అనే మందు వాడుతున్న మనిషి మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. డాక్టర్లు దాన్ని రోగికి అంతా వివరించి, అతని అంగీకారంతో ఇస్తారు. మనిషికి చెప్పకుండా అన్నంలో కలిపే ఏ మందూ వైద్యం కాదు.

రెండోది నగర శివార్లలోని ఒక ప్రైవేటు కేంద్రం. 2019లో నలభై అయిదు రోజులు ఉన్నాను. గేటుకు తాళం, ఫోను వాళ్ళ దగ్గర, పొద్దున యోగా, సాయంత్రం టీవీ. మందు దొరకని చోట తాగకపోవడం ఎవరికైనా వచ్చే విద్యే. సరిగ్గా దసరాకు ముందు పంపించారు, పండుగకు ఊరు వెళ్తున్నానని చెబితే సంతోషంగా వెళ్ళి రమ్మన్నారు. ఆ ఊళ్ళో ఏముంటుందో, నేను ఎక్కడ పడుకుంటానో, ఎవరి పక్కన కూర్చుంటానో ఒక్కరూ అడగలేదు. జమ్మి పెట్టి వచ్చిన గంటలోపే తాగాను. ఆ రాత్రి మా ఆవిడ ఇద్దరు పిల్లలనూ తీసుకుని పక్కింట్లో పడుకుంది. ఆ నలభై అయిదు రోజుల ఖర్చుకు మా మామగారు అప్పు చేశారని నాకు తరువాతెప్పుడో తెలిసింది.

ఇక మీటింగ్ గురించి. ఈ ఉద్యమం 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో ఇద్దరు తాగుబోతులు కలుసుకోవడంతో మొదలైంది. వాళ్ళలో ఒకరు షేర్ల వ్యాపారం చేసిన బిల్ విల్సన్, రెండోవారు డాక్టర్ బాబ్ స్మిత్. తాగుబోతు మాట తాగుబోతు వింటాడన్నదే అప్పటికీ ఇప్పటికీ దాని మూలసూత్రం. ఫీజు లేదు, రిజిస్టర్ లేదు, తాగుడు మానాలన్న కోరిక తప్ప చేరడానికి మరో అర్హత అక్కర్లేదు. గది అద్దెకు, చాయ్‌కు సభ్యులే తలా కొంత వేస్తారు, బయటివారి విరాళాలు తీసుకోరు. మేము కూడే గదిలో ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు, తాగుడు నుంచి బయటపడటానికి ఈ సంస్థ చెప్పే పన్నెండు మెట్లు రాసిన ఫ్లెక్సీ, మూలన ఫ్లాస్కు ఉంటాయి. ఒక్కొక్కరు తన పేరు చెప్పి, తాను ఆల్కహాలిక్‌నని చెప్పి, తన సంగతి చెప్పుకుంటారు. మధ్యలో ఎవరూ అడ్డు రారు, సలహా ఇవ్వరు. తాగడం మాని ఏడాదైతే బర్త్‌డే అని కేకు కోస్తారు. బయటివాడికి ఇది పెద్దగా ఏమీ జరగని గంటన్నరలాగా కనిపించవచ్చు, మొదటి రెండు వారాలు నాకూ అలాగే కనిపించింది.

నేను అసలు సమీక్షించదలచుకున్నది పండుగకు ముందు వచ్చే ఆదివారాన్ని. ఆ రోజు మా గ్రూపు మామూలు పద్ధతిని పక్కన పెడుతుంది. ఊరు వెళ్తున్నవాళ్ళు ఒక్కొక్కరూ తమ మూడు రోజులను గంటల లెక్కన చెప్పాలి. ఏ బస్సుకు దిగుతావు, దిగగానే ముందు ఎవరింటికి వెళ్తావు, మందు పెట్టే చోటు ఏది, నీ పడక ఎక్కడ, డాబా మీద సిట్టింగ్ జరిగితే నీ పడక కూడా డాబా మీదేనా, పొద్దున ఏమి తింటావు, ఎవరి మీద నీకు లోపల కోపం ఉంది, ఆ మనిషి పండుగకు వస్తున్నాడా, బండి సొంతదా లేక తాగిన బావమరిది బండి మీద తిరగాలా అని పెద్దవాళ్ళు అడుగుతూ ఉంటారు. నలభై అయిదు రోజుల కేంద్రంలో రాని ప్రశ్నలన్నీ ఇక్కడ పావుగంటలో వస్తాయి. అడిగేవాళ్ళు పుస్తకం చూసి అడగరు. డాబా మీద పడుకుని చెడిపోయినవాడే డాబా గురించి అడుగుతాడు.

అక్కడ నేను నేర్చుకున్నవాటిలో అన్నిటికంటే పనికొచ్చింది, వద్దనడానికి కారణం చెప్పకూడదన్నది. మొదట్లో ఇది నాకు మర్యాదగా అనిపించలేదు. పెద్దవాళ్ళు అడిగితే కారణం చెప్పాలి కదా అన్నాను. అప్పుడు మా స్పాన్సర్, అంటే నాకంటే ముందు మాని నాకు దారి చూపుతున్న మనిషి, నా చేత పెద్దనాయన వేషం వేయించి తాను నేనయ్యాడు. తాను మాత్రలు వాడుతున్నానన్నాడు. ఒక్కరోజు మాత్ర మానెయ్యమని నేనే అన్నాను. డాక్టరు వద్దన్నాడన్నాడు. మా ఊరి డాక్టరే రోజూ తాగుతాడని నేనే అన్నాను. రేపు పొద్దున్నే డ్యూటీ ఉందన్నాడు. ఫోను చేసి లీవు పెట్టమని నేనే అన్నాను. ప్రతి కారణానికీ నా నోటి నుంచే అడ్డుమాట ఎంత సులువుగా వచ్చిందో చూసి నాకే ఆశ్చర్యం వేసింది. చివరికి ఆయన నవ్వుతూ, 'వద్దు పెద్దనాయనా, బంద్ చేసిన, నాకు చాయ పోయించు' అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. పట్టుకోవడానికి కారణం లేకుంటే వాదన నడవదు, పైగా చాయ్ అడగడం వల్ల ఆ ఇంటి మర్యాదను కాదన్నట్లు కూడా ఉండదు.

మిగతావి చిన్న జాగ్రత్తలు. చేతిలో ఎప్పుడూ ఒక నిండు గ్లాసు, మజ్జిగో నిమ్మకాయ సోడానో, ఉండాలి. కూల్‌డ్రింక్ మూత మనమే తీయాలి, ఒకరు పోసి ఇచ్చింది తాగకూడదు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో రెండు ఒకేసారి వచ్చాయంటే ఉన్న చోటు నుంచి లేవాలి. ఏదో ఒక పని నెత్తిన వేసుకోవాలి. నేను యాట కూర వండే పని అడిగి తీసుకున్నాను, ఎందుకంటే పొయ్యి దగ్గర ఉన్నవాడిని ఎవరూ సిట్టింగ్‌కు పిలవరు. మా ఆవిడకూ నాకూ మధ్య ఒక గుర్తు మాట ఉంది. ఆమె వచ్చి 'పిల్లగాడు నిన్ను అడుగుతున్నడు' అంటే ఏమీ ప్రశ్నించకుండా లేచి ఆమె వెంట నడవాలని ఒప్పందం.

2022లో, అంటే నా మొదటి దసరాకు, ఊరు వెళ్ళవద్దని గ్రూపులో చెప్పారు, వెళ్ళలేదు. మా అమ్మ నాలుగు రోజులు ఫోనులో మాట్లాడలేదు. 2023లో జమ్మి పెట్టి, అన్నం తిని, చీకటి పడకముందే తిరిగి బయలుదేరాను. 2024లో ఒక రాత్రి ఉన్నాను. మూడు రోజులూ పూర్తిగా ఉన్నది 2025లోనే. కొలిచి కొలిచి పెంచిన ఈ క్రమం కూడా ఆ ఆదివారపు మీటింగ్ ఇచ్చిందే. నేను స్వతహాగా తొందరపడే మనిషిని, నా అంతట నేను అయితే మొదటి ఏడాదే వెళ్ళి నిరూపించుకోవాలనుకునేవాణ్ణి.

2025 దసరా అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు వచ్చింది. మద్యం దుకాణాలు, మాంసం దుకాణాలు మూసి ఉంటాయని ముందే తెలుసు కాబట్టి ఊళ్ళో అందరూ ముందు రోజే అన్నీ తెచ్చి పెట్టుకున్నారు. మిగతా ఏళ్ళల్లో ఎవరికి కావలసింది వాళ్ళు అప్పటికప్పుడు తెచ్చుకునేవారు, ఆ ఏడు మాత్రం సరుకంతా ఇంట్లోనే ఉంది. ఈ తేడాను నేను ముందుగా ఆలోచించలేదు.

పెద్దనాయన గ్లాసు అనుకున్నట్లే వచ్చింది. జమ్మి ఆకులు ఆయన చేతిలో పెట్టి కాళ్ళు మొక్కి లేచేసరికి స్టీలు గ్లాసు నా ముందు ఉంది.

'పట్టురా, నా చేతి మీద తీసుకోవా? మీ బాపు ఉంటే ఇట్లనే అంటుంటివా?'

'బాపు ఉన్నా ఇదే చెప్తుంటి పెద్దనాయనా. బంద్ చేసిన. నాకు చాయ పోయించు.'

ఆయన ఒక్క క్షణం చూసి గ్లాసు పక్కన పెట్టి, లోపలికి కేక వేసి చాయ పెట్టమన్నాడు. మా చిన్నాయన కొడుకు మరో ప్రయత్నం చేశాడు. 'ఇది మందు గాదన్నా, పొద్దుగాల దించిన ఈత కల్లు. పిల్లలు గూడ తాగుతరు' అన్నాడు. కల్లు పేరుతో జారినవాళ్ళ కథలు మీటింగ్‌లో ఎన్నో విన్నాను. చెట్టు నుంచి దించిన కొద్ది గంటలకే అది పులిసి మద్యమవుతుంది, తాగేవాడి ఒంటికి అది సీసాలో నుంచి వచ్చిందా ముంతలో నుంచి వచ్చిందా అన్న తేడా ఉండదు. వాడితో వాదించకుండా పొయ్యి దగ్గరికి పోయాను.

ఆ రెండు గ్లాసులకూ నేను సిద్ధమై వెళ్ళాను. సిద్ధం కానిది సామాన్ల గదికి. రాత్రి ఎనిమిదింటికి అన్నాలు వడ్డించే వేళ ఇస్తరాకుల కట్ట తెమ్మని మా వదిన పంపింది. బియ్యం డ్రమ్ము పక్కన, ఇస్తరాకుల మీదనే, అట్టపెట్టె మూత తెరిచి ఉంది. లోపల వరుసగా సీసాల మూతలు. గదిలో జీరో బల్బు, బయట పిల్లల అరుపులు, గదిలో నేనొక్కడినే. ఎవరూ బలవంతం చేయలేదు, ఎవరూ చూడటం లేదు. ఒక మూత మీద సీలు అప్పటికే చిట్లి ఉంది, అంటే అందులో ఒక గుక్క తగ్గినా ఎవరికీ తెలియదన్న లెక్క నా బుర్ర తనంతట తానే వేసింది. నాలుగేళ్ళ తరువాత కూడా ఆ లెక్క అంత వేగంగా వేయగలదని నేను అనుకోలేదు. ఇస్తరాకులు అక్కడే వదిలి, జేబులోని కాగితం తీశాను.

ఈ కాగితం ఆ సేవలోని అసలు సరుకు. ఆదివారం మీటింగ్ ముగిశాక ఊరు వెళ్ళే ప్రతి ఒక్కరికీ ఆరు ఫోను నంబర్లు రాసి ఇస్తారు, ఒక్కో నంబరు పక్కన ఆ మనిషి పండుగ రోజు ఏ వేళకు తప్పకుండా ఫోను ఎత్తగలడో కూడా రాస్తారు. రాత్రి ఏడు నుంచి పది వరకు మా స్పాన్సర్ పేరు ఉంది. ఆయన ఆ రోజు నిజామాబాదులో కూతురి అత్తవారింట్లో ఉన్నాడు. రెండో రింగుకే ఎత్తాడు. నేను చెప్పడం మొదలుపెట్టగానే మొదట అడిగిన ప్రశ్న, 'గది లోపల ఉన్నవా, బయట ఉన్నవా?' లోపలే ఉన్నానన్నాను. 'తలుపు దగ్గరికేసి బయటకొచ్చి మాట్లాడు.' వచ్చాను. రెండో ప్రశ్న, అన్నం తిన్నానా అని. పొద్దున నుంచి పొయ్యి దగ్గరే ఉండి నేను చాయ్ తప్ప ఏమీ ముట్టలేదు. వండిన మనిషి తినకుండా ఉన్నాడన్న సంగతి నాకే గుర్తు లేదు. 'ముందు నాలుగు గారెలు తిను, నేను లైన్లనే ఉంటా' అన్నాడు. వాకిట్లో నిలబడి, ఒక చేత్తో ఫోను పట్టుకుని, యాట కూరలో గారెలు ముంచుకుని తిన్నాను. ఆయన ఆ సేపంతా తన మనవరాలు బతుకమ్మకు పేర్చిన తంగేడు పూల సంగతి చెబుతూ ఉన్నాడు, మందు మాట ఎత్తలేదు. పదకొండు నిమిషాలు మాట్లాడినట్లు ఫోనులో ఉంది. తరువాత మా ఆవిడకు జరిగింది చెప్పాను, ఆమె వెళ్ళి ఇస్తరాకులు తెచ్చింది.

డబ్బు తీసుకునే ఏ కేంద్రమూ పండుగ రాత్రి ఎనిమిదింటికి నాకు ఆ పదకొండు నిమిషాలు ఇవ్వలేదు. ఈ పద్ధతి మీద పరిశోధన కూడా జరిగింది. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2020లో వెలువరించిన సమీక్ష 27 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న పది వేలకు పైగా మందిని పరిశీలించి, పూర్తిగా మానేయడం విషయంలో ఈ పన్నెండు మెట్ల బాటలోకి మనిషిని పద్ధతిగా చేర్చే చికిత్స ఇతర మానసిక చికిత్సల కంటే మెరుగైన ఫలితం ఇచ్చిందని తేల్చింది.

ఇక ఈ సేవ చేయలేనివి కూడా చెప్పాలి. ఇది వైద్యం కాదు, అలా చెప్పుకోదు కూడా. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు పండుగకు ముందు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడంతో మొదలై, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తరువాత మతి తప్పి లేనివి కనిపించడం దాకా పోవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. అటువంటివారు ముందు ఆసుపత్రికే వెళ్ళాలి. నేను 2021లో ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో ఎనిమిది రోజులు ఉండి, ఇంజెక్షన్లు, విటమిన్ బి1 తీసుకున్న తరువాతే మీటింగ్ గడప తొక్కాను. ఊరి నుంచి కదలలేనివారు మానసిక ఆరోగ్య సహాయానికి ఉన్న కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు గానీ, వ్యసన విముక్తికి ఉన్న 14446కు గానీ ఉచితంగా ఫోను చేయవచ్చు.

మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంటుంది. ఎవరికి తోచిన రూపంలో వాళ్ళు అనుకోవచ్చని అంటారు, మా గ్రూపులో నమాజు చదివేవారూ ఉన్నారు, ఏ దేవుణ్ణీ నమ్మని మాస్టారూ ఉన్నారు. అయినా ఆ మాటే కొందరికి అడ్డమవుతుందని ఒప్పుకోవాలి. ఆడవాళ్ళు మా గదిలో తక్కువ. మన ఊళ్ళలో కల్లుకో మందుకో అలవాటైన ఆడమనిషి బయటికి చెప్పుకోవడమే కష్టం, మగవాళ్ళతో నిండిన గదిలోకి ఒంటరిగా రావడం మరీ కష్టం. భార్యలకు, తల్లులకు 1951లో ఏర్పడిన ఆల్-అనాన్ అనే వేరే సంఘం ఉంది. మా ఆవిడ దాని ఆన్‌లైన్ మీటింగ్‌కు ఆరు నెలలు వెళ్ళిన తరువాతే నా జేబులు వెతకడం మానేసింది, గుర్తు మాట ఆలోచన కూడా అక్కడి నుంచి తెచ్చిందే.

అన్నిటికంటే పెద్ద లోటు పల్లెల్లోది. బెల్టు షాపు లేని ఊరు మా వైపు వెతికితే గానీ దొరకదు, మీటింగ్ ఉన్న ఊరు వెతికినా దొరకలేదు. పండుగ రాత్రి మా గ్రూపు ఆన్‌లైన్ మీటింగ్ పెట్టింది గానీ, సిగ్నల్ కోసం వాటర్ ట్యాంకు మెట్లు ఎక్కి కూర్చున్నా సగం మాటలే వినిపించాయి. అయిదు నక్షత్రాల్లో నాలుగున్నర ఇస్తున్నాను, ఆ సగం తగ్గించింది ఈ దూరానికే.

కొత్తగా వెళ్ళదలచినవారు ఓపెన్ మీటింగ్ ఏ రోజో అడిగి వెళ్ళండి, దానికి ఇంట్లోవాళ్ళను కూడా తీసుకువెళ్ళవచ్చు. మొదటి రోజు ఏమీ మాట్లాడనవసరం లేదు. పండుగకు కనీసం మూడు వారాల ముందు మొదలుపెట్టండి, ఎందుకంటే ముఖ పరిచయం లేని మనిషికి రాత్రి ఎనిమిదింటికి ఫోను చేయడానికి చెయ్యి రాదు. సంక్రాంతికి నేను భీమవరం దగ్గర మా తోడల్లుడి ఇంటికి వెళ్ళాలి. అక్కడ కోడిపందేల బరి పక్కనే మందు అమ్ముతారట, కనుమ నాడు కాకి కూడా కదలదంటూ బంధువులను బయలుదేరనివ్వరట. ఆ కనుమ రోజును గంటల లెక్కన చెప్పడానికి, సంక్రాంతికి ముందు వచ్చే ఆదివారం మీటింగ్‌లో నా వంతు అడిగి పెట్టుకున్నాను.